నగరమునందలి అపరిచితులు: వారివలన మనము నేర్వదగిన పాఠములు

పల్లెలో పుట్టి పెరిగిన బాలునికి అపరిచితుడనగా నెవ్వడో తెలియుట అరుదు. బావియొద్ద నీరు తోడునామె పిన్ని. రచ్చచెట్టు క్రింద కూర్చుండువాడు తాత. బండి తోలువాడు మామయ్య. వరుస లేని మనిషి ఊరిలో లేడు. ఆ బాలుడే పదవ తరగతి ముగించి పైచదువునకై పట్టణమునకు పోయి రైలు దిగిన క్షణముననే వేలకొలది ముఖములు కనబడును. వానిలో ఒక్కటియు అతనిని గుఱుతింపదు. అప్పుడతనికి రెండు దారులు తోచును. ఒకటి భయము, రెండవది తిరస్కారము. భయపడినవాడు ఎవరితోను పలుకక గదిలో ముడుచుకొని యుండును. తిరస్కరించువాడు బరువు మోయువానిని ‘ఒరే’ యనియు, కూరలమ్మునామెను ‘ఏయ్’ అనియు పిలుచుట నేర్చుకొనును. ఈ రెండును విద్యకు విఘ్నములే. మూడవ దారి యొకటి కలదు. అది అపరిచితునితో మర్యాదగా మాటలాడి, అతనికి తెలిసినదానిని తెలిసికొనుట. ఈ దారినిగూర్చియే ఈ వ్యాసమునందు వ్రాయదలచితిమి.

మా పాఠశాలను విడిచి ఏటేట పట్టణములకు పోవు విద్యార్థులు పదునైదు పదునాఱేండ్ల ప్రాయమువారు. వారికి గణితమును, శాస్త్రమును, భాషలను మేము బోధించుచున్నాము. కాని క్రొత్త మనిషిని ఎట్లు పలుకరింపవలయునో, ఎంతవఱకు నమ్మవలయునో, అతనివలన నేమి గ్రహింపవలయునో ఏ పాఠ్యపుస్తకమునందును లేదు. ఈ విద్య లేనివాడు పట్టణమున ఒంటరి యగును, లేదా మోసపోవును. ఆ రెండు దుఃఖములతో ఇంటికి తిరిగివచ్చినవారిని మేము చూచి యున్నాము. కావున దీనిని చిన్న విషయమని త్రోసివేయ వలను పడదు.

1. పూర్వులు చూపిన త్రోవ

ఈ విద్య క్రొత్తది కాదు. గ్రీసు దేశమునందలి ఏథెన్సు నగరమున సోక్రటీసు అను జ్ఞాని యుండెను. ఆయన గ్రంథమేదియు వ్రాయలేదు. ఆయన సంభాషణములను శిష్యులగు ప్లేటో, జెనోఫన్ మొదలగువారు వ్రాసి యుంచిరి. ఆయనకు అంగడివీధియే పాఠశాల. జెనోఫన్ వ్రాసినదానిలో సోక్రటీసు ఒక చిత్రకారునితోను, ఒక శిల్పితోను, కవచములు చేయు నొక పనివానితోను వారి వారి పనినిగూర్చియే మాటలాడిన ఘట్టము కలదు. నీ కవచములు ఇతరుల కవచములకంటె గట్టివి కావు, విలువైన లోహముతో చేసినవియు కావు. అట్లయ్యును ఎక్కువ వెల యేలయని ఆయన ఆ పనివానిని అడిగెను. అవి ధరించువాని శరీరమునకు సరిగా అమరునని అతడు బదులు చెప్పెను. ఆ మాటలను పట్టుకొని మఱికొంత ప్రశ్నింపగా ఒక సత్యము బయటపడెను: సరిగా అమరిన కవచపు బరువు భుజములకు, ఱొమ్మునకు, వీపునకు పంచుకొనబడి బరువుగా తోపదు, అమరని కవచము ఒక్కచోటనే వ్రేలాడి బాధించును. ఇంత చక్కని సంగతి ఒక కమ్మరి కొట్టున దొరికినది.

క్రీస్తుపూర్వము 399వ సంవత్సరమున ఏథెన్సువారు సోక్రటీసునకు మరణదండన విధించిరి. విచారణయందు ఆయన చెప్పుకొన్న దానిని ప్లేటో వ్రాసెను. అందులో సోక్రటీసు తాను రాజకీయ నాయకులను, కవులను, చేతిపనివారిని వరుసగా ప్రశ్నించితిననియు, పనివారికి తనకు తెలియని మంచి సంగతులు పెక్కు నిజముగనే తెలియుననియు ఒప్పుకొనెను. అయితే తమ పనియందు నేర్పరులగుటచేత తక్కిన గొప్ప విషయములన్నియు తమకు తెలియునని వారనుకొనుట వారి లోపమనియు చెప్పెను. ఈ రెండు సంగతులను విద్యార్థులు జ్ఞాపకమందుంచుకొనవలయును. ముందు వీనితో పని యున్నది.

మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీము కోర్టునందు ద్విభాషిగా నుండిరి. ఆయన 1830 మే 18వ తేదిని కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదిని తిరిగివచ్చిరి. రైలుబండ్లు లేని ఆ కాలమున దారిపొడవునను మజిలీలు ఎచ్చటెచ్చట గలవు, నీరు దొరకునా, వస్తువుల వెలలెంత, ఏ నాణెము చెల్లును, ఏ భాష వినబడును అను సంగతులను కనిపెట్టి, అడిగి తెలిసికొని తమ మిత్రునకు జాబులుగా వ్రాసిరి. ఆ జాబులే ‘కాశీయాత్ర చరిత్ర’మను గ్రంథమై 1838లో అచ్చుపడెను. దానిని 1941లో మరల ప్రకటించినవారు బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావుగారు. క్రొత్త ఊరికి పోయిన తెలుగువాడు అక్కడివారిని విచారించి తెలిసికొన్న దానికి ఇంతకంటె మంచి సాక్ష్యము వేఱొకటి యేల?

మూడవవాడు లండను నగరపు హెన్రీ మేహ్యూ. ఇతడు 1849, 1850 సంవత్సరములలో ఒక వార్తాపత్రికకొఱకు వీధులలోని పేదలను కలిసికొని, వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసెను. అవి పెరిగి 1851లో గ్రంథరూపము పొందినవి. ఒకనాడు నీటికూర యమ్ము ఎనిమిదేండ్ల పిల్లను ఇతడు పలుకరించెను. పిల్ల గదా యని బొమ్మలనుగూర్చి, ఆటలనుగూర్చి, ఉద్యానవనములనుగూర్చి అడిగెను. ఆ పిల్లకు అవేవియు తెలియవు. ఉద్యానవనమనగా నేమో ఎఱుగదు. కాని కూరకట్టల వెలలు, చలికాలపు ఉదయమున కూర కొనుటలోని బాధ, ఎట్లు బేరమాడిన మోసపోకుండ నుండవచ్చును అనునవి పెద్దవారివలె చెప్పెను. మేహ్యూ తన ప్రశ్నలను విడిచి ఆ పిల్ల చెప్పదలచినదానిని వినెను. అందుచేతనే ఆ పుటలు నేటికిని నిలిచి యున్నవి. మన ప్రశ్న మనము ముందుగా ఊహించుకొన్న మనిషిని అడుగును. జవాబు చెప్పునది మాత్రము ఎదుట నున్న మనిషి.

2. జనులేల జంకుదురు?

‘క్రొత్తవారితో మాటలాడిన వారు విసుగుకొందురేమో’ యని చాలమంది తలంతురు. ఈ తలంపు నిజమా కాదా యని అమెరికాలోని షికాగో నగరమున నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అను మనస్తత్వ పండితులు పరీక్షించి 2014లో ఫలితములను ప్రకటించిరి. నిత్యము రైళ్లలోను బస్సులలోను పోవువారిలో కొందరిని ప్రక్కనున్న క్రొత్తవారితో మాటలాడుమనిరి. కొందరిని మౌనముగా నుండుమనిరి. కొందరిని వారి వాడుకచొప్పున ఉండనిచ్చిరి. మౌనమే హాయియని జనులు ముందుగా ఊహించిరి. ప్రయాణము ముగిసిన పిమ్మట చూడగా, మాటలాడినవారే ఎక్కువ సంతోషముగా నుండిరి. అనగా మనము జంకుటకు కారణము చాలవఱకు మన ఊహయే.

తెలుగువారికి ఈ జంకును పోగొట్టుకొనుటకు భాషయే ఒక సాధనమిచ్చినది. ముక్కుమొగము తెలియనివానినైనను బాబాయిగారూ, అన్నయ్యగారూ, అత్తయ్యగారూ, పెద్దాయనా యని మనము పిలువగలము. ఒక్క పిలుపుతో వరుస ఏర్పడును. వరుస ఏర్పడినచోట కసరుకొనువారు తక్కువ. అయితే పిలుపు వరుసతో నుండి, క్రియ ‘చెప్పు’ అని యుండిన ఆ వరుస చెడును. ‘చెప్పండి’ యనవలయును. చొక్కా మాసినవానికి ‘నువ్వు’, ఇస్త్రీ చొక్కావానికి ‘మీరు’ అను పద్ధతి చదువుకొన్నవారికి తగదు.

3. బెజవాడలో ఒక దినము

గడచిన డిసెంబరు నెలలో తొమ్మిదవ తరగతికి చెందిన పదునెనమండుగురు బాలబాలికలను, మఱి ఇద్దరు ఉపాధ్యాయులను వెంటబెట్టుకొని మేము విజయవాడకు పోయితిమి. పిల్లలను మూడు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టునకు ఒక ఉపాధ్యాయుని నియమించితిమి. అందరికిని ఒక్కటే ప్రశ్న ఇచ్చితిమి: ‘మీ పనిలోనికి క్రొత్తవాడు వచ్చిన, వానికి మొట్టమొదట ఏమి నేర్పెదరు?’ ఈ ప్రశ్నయందు ఒక మేలు కలదు. ఇది ఎదుటివానిని గురువుగా కూర్చుండబెట్టును. జీతమెంత, ఊరేది, కులమేది యని అడుగుటలో నున్న అవమానము ఇందులో లేదు. సాయంకాలము అందరును వ్రాసికొన్న దానిలోనుండి నాలుగు సంభాషణములను ఇచ్చట పొందుపఱచుచున్నాము. మాటలాడినవారి మాటలను వారు పలికినట్లే వ్రాసితిమి.

మొదటిది రైల్వే స్టేషనునందు. ఎఱ్ఱచొక్కా తొడుగుకొన్న నడివయసు పోర్టరు ఒకడు బెంచీపై కూర్చుండి యుండెను. మా బాలిక యొకతె ‘బాబాయిగారూ’ యని పిలిచి ప్రశ్న నడిగెను. ఆయన నవ్వి యిట్లనెను: “ఎత్తడం ఎవరైనా ఎత్తుతారమ్మా. దింపడం రావాలి. నడుం పట్టేసేది దింపేటప్పుడే. మోసేవాడు ఒక్కడే అయినా, ఎత్తేటప్పుడూ దింపేటప్పుడూ ఇంకొకడి చెయ్యి కావాలి.” పిమ్మట తన తలగుడ్డను చుట్టి చుట్టకుదురు చేసి చూపెను. అది లేనిదే బరువు నడినెత్తిపై ఒక్కచోటనే గ్రుచ్చుకొనుననియు, ఉన్నచో తల యంతట పఱచుకొనుననియు చెప్పెను. ఏథెన్సు కవచకారుడు చెప్పినదియు ఇదియే గదా! రెండువేల నాలుగువందల యేండ్ల వెనుకటి మాటను ఈయన ఏ గ్రంథమును చదువకయే చెప్పెను. లేవబోవుచు ఆయన మఱియొక మాటయనెను: “చక్రాల పెట్టెలొచ్చాక మా నెత్తిన బరువు తగ్గింది తల్లీ, ఇంట్లో బరువు పెరిగింది.” ఆ బాలిక ఈ మాటను తన పుస్తకమున వ్రాసికొని క్రింద గీత గీసెను. ఒకరికి సౌకర్యమైనది మఱియొకరికి నష్టము కావచ్చుననునది అర్థశాస్త్రమునందు ఒక అధ్యాయము. ఆమె దానిని ఒక వాక్యమున నేర్చుకొనెను.

రెండవది కాళేశ్వరరావు మార్కెట్టునందు. అచ్చటికి పోవుటకు ముందు పిల్లలకు ప్రకాశము బ్యారేజిని చూపితిమి. కృష్ణపై మొదటి ఆనకట్ట 1855లో పూర్తి యయ్యెననియు, అది 1952లో తెగెననియు, దానికి బదులు కట్టిన బ్యారేజి 1957నుండి వాడుకలోనికి వచ్చెననియు చెప్పితిమి. 2024 సెప్టెంబరు 2వ తేదిని ఈ బ్యారేజివద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వఱద పాఱినదని చెప్పగా పిల్లలు నదిని వింతగా చూచిరి. మార్కెట్టునందు ఆకుకూరలమ్ము నొకామె మా ప్రశ్నకు “నీళ్లు చల్లడం నేర్పుతా నాన్నా. ఎక్కువ చల్లితే కుళ్లు, తక్కువ చల్లితే వాడు” అని బదులు చెప్పెను. మా బాలుడొకడు బ్యారేజి వఱదనుగూర్చి తాను విన్నదానిని ఆమెకు చెప్పెను. ఆమె కూరకట్టను క్రింద పెట్టి యిట్లనెను:

“మాది సింగ్‌నగర్. ఆ రోజు అందరం కృష్ణవైపే చూస్తున్నాం. కృష్ణ పొంగుతోందంట, కృష్ణ పొంగుతోందంట అని. నీళ్లు వెనకనించి వచ్చాయి. బుడమేరు. దాన్ని మేం మురుక్కాలవ అనుకునేవాళ్లం. చూస్తుండగానే మంచం మునిగింది. నేను బియ్యం పట్టుకోలేదు, బట్టలు పట్టుకోలేదు. పిల్లల సర్టిఫికెట్లు కవర్లో చుట్టి జాకెట్లో దోపుకుని పైవాళ్ల డాబా ఎక్కాను. తక్కినవన్నీ మళ్లీ కొనుక్కోవచ్చు గదా.”

ఆమె చెప్పినది సత్యమే. బుడమేరు కొల్లేటి సరస్సునకు పోవు వాగు. దాని వఱదను వెలగలేరువద్దనుండి మళ్లించి కృష్ణలో కలుపుటకు ఒక కాలువ కలదు. కృష్ణ నిండుగా పొంగి యుండిన వేళ ఆ కాలువనీరు నదిలోనికి పోజాలదు. 2024లో రెండును ఒక్కసారిగా పొంగెను; కాలువగట్టునకు గండ్లు పడెను; సెప్టెంబరు 1వ తేది ఆదివారమున నగరపు పల్లపు పేటలు మునిగి, నీరు దినములకొలది నిలిచెను. పెద్ద నదిని చూచి భయపడుచుండగా చిన్న వాగు ముంచినది. భూగోళపాఠమున ‘ఉపనదుల వఱద’ యని మేము బోధించునది ఈమె ఇంటిలోనికి మంచమెత్తు వచ్చి నిలిచెను.

ఈ సంభాషణమునకు ఒక ఫలము కలిగినది. ఆ జట్టులోని బాలిక యొకతె సముద్రతీరపు పల్లెనుండి వచ్చునది. ఇంటికి పోయి తన నాయనమ్మను, ‘మన ఊరికి నీళ్లు ఎటునుండి వచ్చును?’ అని అడిగెను. ఆ ముసలామె 1977 నవంబరు 19వ తేది నాటి దివిసీమ ఉప్పెనను కన్నులార చూచినది. ఏ దిక్కునుండి నీరు వచ్చినదో, ఏ గట్టు నిలిచినదో, ఏ చెట్టు పట్టుకొన్నవారు బ్రదికిరో ఆ రాత్రి మనుమరాలికి చెప్పెను. ‘ఇంతవఱకు ఎందుకు చెప్పలేదు నాయనమ్మా?’ యని అడుగగా, ‘నువ్వు అడగలేదుగా అమ్మా’ యని బదులు చెప్పెనట. మఱునాడు ఆ బాలిక ఒక పటము గీసి తెచ్చి మాకు చూపెను. ఊరిలోని మెఱకస్థలములు అందు గుఱుతింపబడి యున్నవి. అట్టి పటము ఆ ఊరిలో వేఱెవ్వరియొద్దను లేదు. నగరపు అపరిచితురాలు చెప్పిన నాలుగు మాటలు ఆ పిల్లకు తన యింటి పెద్ద మాటను వినుట నేర్పినవి. ముసలివారు పోయిన పిమ్మట ఈ జ్ఞానమును ఎక్కడ వెదకుదుము?

మూడవది ఆటోనగరునందు. లారీలకు బాడీలు కట్టు పని అచ్చట ప్రసిద్ధము. ఒక మేస్త్రి మా ప్రశ్న విని, కట్టుచున్న లారీ క్రింద వంగి చూడుమని పిల్లలకు చెప్పెను. ఇనుప ఛాసీకిని పైనున్న బాడీకిని నడుమ పొడవైన చెక్కబద్ద యున్నది. “ఇనుం మీద ఇనుం పెట్టి బిగిస్తే గోతుల్లో రెండూ కొట్టుకుని పగుళ్లిస్తాయి. మధ్యన చెక్క వేస్తే ఆ దెబ్బంతా చెక్క తింటుంది. ఇంకోటి బాబూ, ఖాళీ బండిని చూసి కొలత పెట్టకూడదు. లోడు పడ్డ బండిని మనసులో పెట్టుకుని కొలవాలి” అనెను. ఈ రెండు సూత్రములును బండికే కాక బ్రదుకునకును చెల్లును. పట్టుదలగల ఇద్దరు అన్నదమ్ముల నడుమ మెత్తని మాట చెప్పు నొక చెల్లెలుండిన ఆ యిల్లు నిలుచును. సుఖదినములను చూచి అప్పుచేయువాడు ఖాళీబండిని చూచి కొలత పెట్టినవాడే.

అంతటితో ఊరకుండక ఆ మేస్త్రి, మాకు మధుమేహము కలదని మాటలసందున విని, “బిళ్లలు ఆపేయండి మాస్టారూ, కాకరకాయ రసం తాగండి, నెలలో పోతుంది” అని చెప్పెను. ఇచ్చటనే సోక్రటీసు చెప్పిన రెండవ సంగతి పిల్లలకు జ్ఞాపకము చేసితిమి. చెక్కనుగూర్చి ఆయన చెప్పినది ముప్పదియేండ్ల అనుభవము. మధుమేహమునుగూర్చి చెప్పినది ఎవరివలననో విన్న మాట. మొదటిది గ్రహింపదగినది; రెండవది విని నమస్కరింపదగినది. మేము ఆయనకు నమస్కరించితిమి, బిళ్లలు మానలేదు. ఎవరు ఏ విషయమున అనుభవముచేత మాటలాడుచున్నారో, ఏ విషయమున ఊహచేత మాటలాడుచున్నారో వేఱుపఱచి చూచుటయే వినికిడియందలి వివేకము. ఈ నియమము మేస్త్రికే కాదు, ఉపాధ్యాయులకును చెల్లును.

నాలుగవది మాటలు లేని సంభాషణము. వీధిమూలను తాళపుచెవులు చేయువాడొకడు ఆకురాయితో పని చేసికొనుచుండెను. మా బాలుడు దగ్గఱకు పోయి ప్రశ్న నడుగగా, ఆయన తల యెత్తకయే “పనుంది, తర్వాత” అనెను. బాలుని ముఖము చిన్నబోయెను. అక్కడనే దూరముగా నిలిచి చూడుమని చెప్పితిమి. కాలుగంట నిలిచి చూచెను. సాయంకాలము అతడు వ్రాసినది యిది: ‘ఆయన పాత చెవిని, క్రొత్త రేకును ఒక్కటిగా పట్టుకొని రెండుమూడు మాఱులు మాత్రమే రాచి, వెంటనే చూచుచుండెను. ఎక్కువ రాచిన మరల అతికించుటకు వీలులేదు. అందుచేత తల యెత్తలేదు.’ ఆ పనివాడు చివరివఱకు పలుకలేదు. పలుకవలసిన బాకీ ఆయనకు లేదు. ఆయన గడియకు గడియకు కూడుసంపాదించుకొనువాడు. మన కుతూహలమునకు వెల ఆయన చెల్లింపనక్కఱలేదు. నిరాకరణమును అవమానముగా తీసికొనక, దానికి కారణమును చూడనేర్చుట నాలుగవ పాఠము.

4. పాటింపవలసిన నియమములు

అపరిచితులందరు మంచివారని మేము చెప్పుటలేదు. నగరమున మోసగాండ్రును కలరు. మంచి సంభాషణమును మోసపు సంభాషణమును వేఱుపఱచుటకు ఒక గుఱుతు చెప్పెదము. మంచివాడు తన పనినిగూర్చి చెప్పును. మోసగాడు నీ సంగతులను అడుగును. నీ యిల్లెక్కడ, నీతో ఎవరున్నారు, నీ తండ్రికి బ్యాంకులో ఏమున్నది, ఫోనుకు వచ్చిన ఓటీపీ యేది యని ఎవడు తొందరపెట్టునో వాడు ఎంత తీయగా పలికినను దూరముగా తొలగవలయును. తొందర యనునదే మోసమునకు మొదటి వేషము. తక్కిన నియమములివి:

(అ) పగటివేళ, నలుగురు తిరుగు చోటనే మాటలాడవలయును. ఎవరితోను మఱియొక చోటికి పోరాదు. బాలబాలికలు ఒంటరిగా కాక జతగానే పోవలయును.

(ఆ) క్రొత్తవారు ఇచ్చు తినుబండారములను, పానీయములను పుచ్చుకొనరాదు. ‘వద్దండీ’ యని చెప్పుట అమర్యాద కాదు.

(ఇ) పనిచేయువాని చేతికి అడ్డము రాకూడదు. గిరాకీ వచ్చినవెంటనే ప్రక్కకు తొలగవలయును.

(ఈ) అనుమతి లేక ఫొటో తీయరాదు. ఒకని కష్టమును పదిమందికి వినోదముగా చూపుట పాపము.

(ఉ) చెప్పినదానిని నడుమ త్రుంచి మన సంగతి చెప్పుకొనరాదు. విన్నదానిని ఆ సాయంకాలమే వ్రాసికొనవలయును.

(ఊ) ఎవరైనను భయపెట్టినను, తాకినను, వెంబడించినను మొగమాటము లేక బిగ్గఱగా అఱచి, దగ్గఱనున్న పోలీసువారికో, పెద్దవారికో చెప్పవలయును. బాలల సహాయమునకు 1098 అను ఫోను నెంబరు కలదు. దీనిని ప్రతి విద్యార్థియు కంఠస్థము చేయవలయును.

5. తలిదండ్రులకు ఒక మాట

‘ఎవరితోను మాటలాడకు’ అని పిల్లలను పట్టణమునకు పంపు తలిదండ్రుల ప్రేమను మేమెఱుగుదుము. చిన్నపిల్లలకు ఆ మాట తగియున్నది. కాని పదునాఱేండ్లవానికి అది చాలదు. వాడు అద్దెగది వెదకవలయును. జబ్బుచేసిన ఆసుపత్రికి త్రోవ అడుగవలయును. తరువాత ఉద్యోగము వెదకవలయును. అమెరికా సమాజశాస్త్రజ్ఞుడగు మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రకటించిన పరిశోధనమున, తెలిసినవారి మూలమున ఉద్యోగము సంపాదించినవారిలో ఎక్కువమందికి ఆ కబురు చెప్పినది ప్రాణస్నేహితులు కారనియు, అప్పుడప్పుడో అరుదుగనో కలిసికొను పరిచయస్థులనియు తేలినది. కారణము స్పష్టము. మన ఆప్తులకు తెలిసినది మనకును తెలిసియే యుండును. క్రొత్త కబురు క్రొత్త చోటనుండి రావలయును. ప్రతి పరిచయస్థుడును ఒకనాడు అపరిచితుడే. కావున మాటలాడవద్దని కాక, ఎట్లు మాటలాడవలయునో నేర్పి పంపుడని మా ప్రార్థన. సంతకు పోవునపుడు పిల్లవానిని వెంట తీసికొనిపోయి, బేరము వానిచేతనే ఆడించుడు. వాడు ఎవరిని ‘నువ్వు’ అనుచున్నాడో, ఎవరిని ‘మీరు’ అనుచున్నాడో కనిపెట్టి సరిదిద్దుడు. అదియే ఆరంభము.

6. అభ్యాసము

వేసవి సెలవులలో విద్యార్థులు ఈ క్రింది పనులను చేసి, జవాబులను వ్రాసి, పాఠశాల తెఱచిన మొదటి వారమున తరగతికి తీసికొని రావలయును.

(1) మీ ఊరి సంతలోనో, బస్సుస్టాండులోనో పెద్దవారి సమక్షమున ఒక క్రొత్తవారిని ‘మీ పనిలో క్రొత్తవానికి మొదట ఏమి నేర్పెదరు?’ అని అడిగి, వారి మాటలలోనే పది పంక్తులు వ్రాయుడు. వారి పేరు వ్రాయవద్దు.

(2) వారు చెప్పినదానిలో అనుభవమువలన చెప్పినదేది, విన్నదానినిబట్టి చెప్పినదేది వేఱుపఱచుడు.

(3) పోర్టరు చెప్పిన చుట్టకుదురునకును, ఏథెన్సు కవచమునకును గల పోలికను భౌతికశాస్త్రమున మీరు చదివిన పీడనసూత్రముతో వివరింపుడు.

(4) మీ ఊరికి వఱదనీరు ఏ దిక్కునుండి వచ్చును? మెఱకస్థలములు ఏవి? ఇంటి పెద్దలను అడిగి పటము గీయుడు.

(5) మీ సర్టిఫికెట్లు, ఇంటి పత్రములు ఇప్పుడెక్కడ నున్నవి? నీరు తగులని చోట నున్నవా? లేనిచో ఈ ప్రశ్నకు జవాబు వ్రాయనక్కఱలేదు. మొదట వానిని కవరులో చుట్టి ఎత్తైన చోట పెట్టుడు.